షేవింగ్ సబ్బులో హెంప్ నూనె, సీబీడీ: రెండు మిర్చి సీజన్లు దాటి వాడాక చెబుతున్నాను

చివరిదాకా చదివే తీరిక లేనివాళ్ల కోసం ముందే చెప్పేస్తాను. షేవింగ్ సబ్బులో హెంప్ నూనె కలిపితే గడ్డం గీతకి ఒరిగేదేమీ లేదు. హెంప్ మొక్క పూత నుంచి తీసే సీబీడీ అనే పదార్థం కలిపితే ఇంకా దండగ. అదే హెంప్ నూనెని విడిగా కొనుక్కుని, గడ్డం గీసుకున్నాక తడి ఆరకముందే ముఖానికి నాలుగు చుక్కలు రాసుకుంటే మాత్రం బాగా పనిచేస్తుంది, నాలాంటి పొడి చర్మం వాళ్లకి మరీను. నూనె ఒకటే, వాడే చోటుని బట్టి ఫలితం మారిపోతోంది. సబ్బులు అమ్మేవాళ్లు ఈ ఒక్క సంగతే చెప్పరు. రెండు మిర్చి సీజన్లు దాటి వాడుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మాది గుంటూరు, మిర్చి యార్డులో కమీషన్ కొట్టు. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, గీసుకున్న గడ్డానికి మిర్చి యార్డుని మించిన పరీక్ష ఇంకోటి ఉండదు. సంక్రాంతి దాటిందంటే లారీల మీద లారీలు, టిక్కీలు (మిర్చి బస్తాలు) దింపడం, గోతం మూతి విప్పి కాయ చేతిలోకి తీసుకుని రంగూ తేమా చూడటం. తేజ రకం అయితే గోతం విప్పకముందే తుమ్ములు మొదలవుతాయి. పొద్దున్నే గడ్డం గీసుకుని యార్డులో అడుగుపెడితే, దవడ కింద, మెడ మీద, పెదవి మూలల్లో కంటికి కనపడని గాట్లు ఎక్కడెక్కడ పడ్డాయో ఆ ఘాటే పట్టి చూపిస్తుంది. ఏసీ గదిలో కూర్చుని పనిచేసేవాళ్లకి షేవింగ్ వల్ల చర్మం కాస్త ఎండినా తెలియకపోవచ్చు. నాకు మొదటి లాటు చూసేలోపే తెలిసిపోతుంది. అందుకే సబ్బు, బ్లేడు, తర్వాత రాసుకునేది, ఈ మూడింటి విషయంలో నాకు పట్టింపు చాలా ఎక్కువ. ఎవరైనా కొత్త సబ్బు వచ్చింది, మంట ఉండదు అంటే వదలకుండా తెప్పించి వాడతాను, బాగుంటే నలుగురికీ చెబుతాను.

హెంప్ అంటే ఏమిటో ముందు తేల్చుకుందాం, ఎందుకంటే మన దగ్గర ఈ సీసా ఇంట్లో పెట్టాలంటేనే టెన్షన్. మా అమ్మ దాని మీద ఆకు బొమ్మ చూసి, "ఇది గంజాయాకు కదరా, ఇంట్లో ఎందుకు పెట్టావు?" అంది. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు, మొక్క అదే, కన్నబిస్ సటైవా. మన్యం నుంచి వచ్చే గంజాయిని పట్టుకున్న వార్త లేకుండా మన పేపరు రాదు, మత్తుపదార్థాల్ని అరికట్టే పోలీసు విభాగం ఈగల్ వాళ్ల పోస్టర్లు బస్టాండులో కూడా కనపడుతున్నాయి, భయపడటం సహజం. కానీ 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఎన్‌డీపీఎస్‌లోనే గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ కొసలు అని రాసి ఉంది. కొసలతో కలిసి లేని గింజల్నీ ఆకుల్నీ ఆ నిర్వచనంలోంచి తప్పించారు. మనం మాట్లాడుకునే నూనె గింజని గానుగ ఆడితే వచ్చేది. 2021 నవంబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ హెంప్ గింజల్నీ, గింజల నూనెనీ, పిండినీ తినే వస్తువులుగానే ఒప్పుకుని, వాటిలో మత్తునిచ్చే టీహెచ్‌సీ ఎంత మించకూడదో, సీబీడీ ఎంత మించకూడదో పరిమితులు పెట్టింది. అమ్మకి అదే చెప్పాను, నువ్వుల నూనె, అవిసె నూనె లాగా ఇదీ గింజ నూనే, మత్తు ఉండదు అని. సీసా మీద లైసెన్సు నంబరు చదివి వినిపించాక గానీ ఫ్రిజ్‌లో పెట్టనివ్వలేదు.

ఆ పరిమితి ఎంతో తెలుసుకుంటే ఇంకో చిక్కు కూడా విడిపోతుంది. సీబీడీ కిలోకి 75 మిల్లీగ్రాములు మించకూడదు. అంటే కిలో నూనెలో చిటికెడు కూడా కాదు. సీబీడీ అనేది మొక్క పూతలో, ఆకులో ఉండే జిగురు పదార్థం, గింజలో దాదాపు ఉండదు, గింజ పైన అంటుకున్నది కాస్త నూనెలోకి వస్తుంది, అంతే. కాబట్టి హెంప్ గింజల నూనె వేరు, సీబీడీ నూనె వేరు. సబ్బు డబ్బా మీద పెద్ద ఆకు బొమ్మ వేసి, వెనకాల సీబీడీ గురించి రాసి, పదార్థాల పట్టికలో మాత్రం కన్నబిస్ సటైవా సీడ్ ఆయిల్ అని ఉంటే అందులో ఉన్నది మామూలు గింజ నూనె. సీబీడీ నిజంగా వేసి ఉంటే కన్నాబిడియోల్ అనే పేరు కనపడాలి. అది ఏ వరసలో ఉందో కూడా చూడండి. ఎక్కువ వేసినవి ముందు, తక్కువ వేసినవి వెనక రాస్తారు. సువాసన తర్వాత, రంగు పక్కన ఎక్కడో చివర్లో హెంప్ పేరు ఉంటే, అది పేరు కోసం వేసిన బొట్టు.

ఇప్పుడు అసలు విషయం, సబ్బు. నాకు సబ్బు తయారీ తెలిసింది మా అన్నయ్య కూతురి వల్ల. తను విజయవాడ పటమటలో ఉంటుంది, ఇంట్లోనే సబ్బులు చేసి తెలిసినవాళ్లకి అమ్ముతుంది, శ్రద్ధగా చేస్తుంది, గ్రాము తేడా రానివ్వదు. ఒకరోజు నేను హెంప్ షేవింగ్ సబ్బు కొందామనుకుంటున్నాను అంటే, "బాబాయ్, నూనె వేసినంత మాత్రాన సబ్బులో అది నూనెగా ఉండదు కదా" అంది. నూనెకి కాస్టిక్ కలిపితే రెండూ కలిసి సబ్బూ గ్లిజరినూ అవుతాయి. కొబ్బరి నూనె వేసినా, ఆముదం వేసినా, హెంప్ వేసినా అంతే. మనం డబ్బు పోసి కొన్న ఆ ఒమేగా-3, ఒమేగా-6 కొవ్వు ఆమ్లాలన్నీ కాస్టిక్‌తో కలిసి ఇంకో వస్తువు అయిపోతాయి. చర్మానికి ఏ గుణం కోసమైతే ఆ నూనె వేశామో ఆ రూపంలో అక్కడ ఉండదు.

పోనీ సబ్బుగా మారాకైనా మంచి సబ్బు అవుతుందా అంటే, షేవింగ్‌కి పనికొచ్చే రకం అవదు. షేవింగ్ నురగకి కావలసింది స్టియరిక్ ఆమ్లం, అదీ పొటాషియం కాస్టిక్‌తో చేసింది. చిక్కగా, మీగడలా నిలబడే నురగ దానివల్లే వస్తుంది. తొందరగా పొంగడానికి కొబ్బరి నూనెలోని లారిక్ ఆమ్లం పనికొస్తుంది, ఆముదం కాస్త జారుడు ఇస్తుంది. హెంప్ నూనెలో సగానికి పైగా లినోలిక్ ఆమ్లం, ఇంకో పదిహేను నుంచి ఇరవై శాతం ఆల్ఫా లినోలెనిక్, స్టియరిక్ అయితే రెండు మూడు శాతమే. దాంతో చేస్తే మెత్తని, నీళ్లల్లో ఇట్టే కరిగిపోయే, నురగ నిలవని సబ్బు వస్తుంది. ఎక్కువ వేస్తే మంచి సబ్బు చెడుతుంది, తక్కువ వేస్తే వేసినట్టే ఉండదు. ఒళ్లు రుద్దుకునే సబ్బుకీ లిక్విడ్ సబ్బుకీ సంగతి వేరు. అమెరికాలో డాక్టర్ బ్రానర్స్ వాళ్లు 1999 నుంచి తమ సబ్బుల్లో హెంప్ నూనె వేస్తున్నారు. దాని కోసం అక్కడి మాదకద్రవ్యాల శాఖ మీద కోర్టుకెక్కి 2004లో గెలిచినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. వాళ్ల షేవింగ్ సబ్బులో మన శీకాకాయ పొడి కూడా వేస్తారు, అది చదివినప్పుడు నాకు భలే సంతోషం వేసింది.

మాటలతో వదలకుండా మా పిల్ల నా కోసం రెండు రకాల సబ్బు చేసింది. కొలతలన్నీ ఒకటే, స్టియరిక్ సగం, మిగతాది కొబ్బరి నూనె, కోకం వెన్న, ఆముదం. ఒకదాంట్లో మాత్రం కొంత కొబ్బరి నూనె తగ్గించి ఆ మేరకు హెంప్ వేసింది. ఏది ఏదో నాకు చెప్పకుండా గిన్నెల అడుగున గుర్తు పెట్టి ఇచ్చింది. రెండింటికీ రంగు ఒకేలా ఉండాలని కాస్త వేపాకు పొడి కూడా కలిపింది, లేకపోతే హెంప్ వేసింది లేత ఆకుపచ్చగా తెలిసిపోతుంది. ఒక వారం ఇది, ఒక వారం అది, ఒకే బ్రష్, ఒకే రకం బ్లేడు, ఒకే నీళ్లు. తేడా తెలిసిందా అంటే తెలిసింది, కానీ అనుకున్న వైపు కాదు. ఒకటి బ్రష్ తిప్పగానే పొంగి, ముఖం మీద రెండో గీతకి కూడా తడిగా నిలబడింది. రెండోది మొదట బాగానే పొంగి, చెంప ఒక వైపు గీసి ఇంకో వైపుకి వచ్చేసరికి పల్చబడి, చిన్న చిన్న బుడగలుగా విడిపోయి, మెడ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ బ్రష్ తిప్పాల్సి వచ్చేది. గీసుకున్నాక చర్మం రెండింటికీ ఒకలాగే ఉంది, అదే బిగుతు, యార్డులోకి వెళ్లాక అదే మంట. గుర్తులు చూస్తే నురగ విడిపోయిందే హెంప్ వేసింది.

సబ్బు ఉడికించాక, కాస్టిక్ అంతా అయిపోయాక, పైన కాస్త నూనె విడిగా కలిపితే అది నూనెగానే మిగులుతుంది కదా అని అడిగేవాళ్లుంటారు. నిజమే, సూపర్‌ఫ్యాట్ అంటారు దాన్ని. మా పిల్ల అలా కూడా చేసి ఇచ్చింది. మామూలుగా అందులో అయిదు శాతంలోపు వేస్తారు, అంతకు మించితే నురగ చచ్చిపోతుంది. అయిదు శాతం సబ్బులో ఉందనుకుందాం, బ్రష్‌కి అంటేది ఆ సబ్బులో కాసింత, అది నీళ్లలో కలిసి నురగై ముఖం మీద రెండు మూడు నిమిషాలు ఉండి, రేజరుతో సగం, నీళ్లతో సగం సింకులోకి పోతుంది. చర్మం మీద మిగిలేది ఎంత?

పైగా మన ఎండలు. హెంప్ నూనె గాలికి ఆరి గట్టిపడే జాతి నూనె, గాలీ వేడీ తగిలితే తొందరగా ముక్కిపోతుంది. సబ్బులో వేసినంత మాత్రాన ఆ గుణం పోదు. చలికాలంలో చేసిన సబ్బు శివరాత్రి దాకా బాగుంది. ఏప్రిల్ చివరికి గిన్నె అంచు వెంబడి నారింజ రంగు మచ్చలు లేచాయి, ఆవగింజంత మొదలై రోహిణి కార్తె వచ్చేసరికి శనగబద్దంత అయ్యాయి. తాకితే జిడ్డు. మూత తీస్తే గంధం వాసన వెనక పాత వార్నిష్ డబ్బా వాసన. నురగలోకి కూడా ఆ వాసన వచ్చాక మా పిల్లే పారేయమంది. హెంప్ వెయ్యని సబ్బు అదే బాత్రూంలో, అదే అరమీద, ఆ వేసవి అంతా చెక్కుచెదరలేదు. విటమిన్ ఇ కలిపితే కొంత ఆలస్యం అవుతుంది, రోజ్‌మేరీ సారం కలిపినా అంతే, కానీ నలభై అయిదు డిగ్రీల ఊళ్లో ఆ ఆలస్యం కొద్ది వారాలే. షేవింగ్ సబ్బు అంటే కనీసం నాలుగైదు నెలలు వాడే వస్తువు. అందులోకి ముక్కిపోయే నూనె ఎందుకు?

సీబీడీ సంగతి. యార్డుకి వేసవి సెలవులిచ్చినప్పుడు మా అబ్బాయి దగ్గరికి ఫ్రిస్కో వెళ్లాం, డాలస్ పక్కన. అక్కడ 2018లో హెంప్ సాగుకి చట్టం మారినప్పటి నుంచి సీబీడీ లేని వస్తువు లేదు, లేపనాలు, నూనెలు, కాఫీ, కుక్కల బిస్కెట్లు కూడా. నా గడ్డం బాధ తెలుసు కాబట్టి మావాడు, "నాన్నా, ఇది వాడి చూడు" అని సీబీడీ షేవింగ్ సబ్బు తెచ్చాడు. అక్కడున్నన్నాళ్లూ అదే వాడాను. సబ్బు చాలా మంచిది, నురగ అద్భుతం, దానికి వంక పెట్టను. కానీ పట్టిక చూస్తే మొదట స్టియరిక్, తర్వాత పశువుల కొవ్వు, గ్లిజరిన్, ఆ మంచితనం అంతా వాటిదే. అదే కంపెనీ సీబీడీ లేకుండా అమ్మే సబ్బు కూడా తెప్పించమన్నాను. దాని ధర సీబీడీ సబ్బు ధరలో సగానికి కాస్త ఎక్కువ, అంతే. రెండూ మార్చి మార్చి వాడితే తేడా పట్టుకోలేకపోయాను, మా అబ్బాయి కూడా పట్టుకోలేకపోయాడు.

దానికి కారణం ఉంది. సీబీడీ నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. చర్మంలోకి దిగాలంటే లేపనంలా పూసి గంటల తరబడి వదిలెయ్యాలి. కడిగేసే సబ్బులో ఆ అవకాశం ఏది? ఇంకోటి, సీబీడీకి క్షారం పడదు. గంజాయి జాతి పదార్థాన్ని గుర్తుపట్టడానికి బీమ్ పరీక్ష అని పాత పరీక్ష ఒకటుంది, ఆల్కహాల్‌లో కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే ఊదా రంగు వస్తుంది, ఆ రంగు వచ్చేది సీబీడీ గాలితో కలిసి వేరే పదార్థంగా మారడం వల్లే. సబ్బు క్షారమే, పీహెచ్ తొమ్మిది పది దగ్గర ఉంటుంది. అలాంటి చోట, తడీ గాలీ తగిలే గిన్నెలో, సీబీడీ నిలకడగా ఉండే వస్తువు కాదు. ఇవన్నీ పక్కన పెట్టినా, డబ్బా మీద రాసినంత లోపల ఉంటుందన్న భరోసా లేదు. 2017లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన పరిశీలనలో ఆన్‌లైన్‌లో అమ్మే 84 సీబీడీ వస్తువుల్ని పరీక్షిస్తే, రాసిన మోతాదు సరిగ్గా ఉన్నవి మూడో వంతు కూడా లేవు. అవి నోట్లో వేసుకునేవీ పీల్చేవీ. కడిగేసే సబ్బుని అంతకన్నా జాగ్రత్తగా కొలుస్తారని నేను నమ్మను.

అక్కడినుంచి వచ్చేటప్పుడు ఆ సబ్బు మావాడి దగ్గరే వదిలేసి వచ్చాను. మీరూ సూట్‌కేసులో పెట్టుకురావద్దని గట్టిగా చెబుతున్నాను. గింజకి ఇచ్చిన మినహాయింపు పూత నుంచి తీసిన సరుక్కి లేదు. ఇక్కడ అలాంటివి ఆయుష్ లైసెన్సుతో, డాక్టరు చీటీ మీద, విజయ అన్న ఆయుర్వేద పేరుతో అమ్ముతారు, అది మందు కింద లెక్క. షేవింగ్ సబ్బు కోసం ఎయిర్‌పోర్టులో నిలబడి సమాధానాలు చెప్పుకోవాల్సిన పని లేదు.

పరిశోధనలు లేవా అంటే ఉన్నాయి, చదవాల్సినట్టు చదవాలి. 2014లో హంగరీ శాస్త్రవేత్తలు చర్మంలో జిడ్డు తయారుచేసే కణాల మీద సీబీడీ వేసి చూశారు, జిడ్డు తగ్గింది, వాపు లక్షణాలు తగ్గాయి. మంచి పరిశోధన, కానీ అది ప్రయోగశాలలో పెంచిన కణాల మీద, కణాలకి నేరుగా మందు అందించి చేసింది. మొటిమలకి లేపనం తయారుచేసేవాళ్లకి అది దారి. రెండు నిమిషాల్లో కడిగేసే నురగకి అది రుజువు ఎలా అవుతుంది? హెంప్ గింజల నూనె మీద 2005లో ఫిన్లాండ్‌లో చేసింది ఒకటుంది, ఇరవై వారాల ఆ పరిశీలనలో పొడి దురద ఎగ్జిమా ఉన్నవాళ్లకి ఆ నూనె ఇచ్చినప్పుడు చర్మం పొడిబారడం, దురద తగ్గాయి. అయితే అది తాగించిన నూనె, రోజుకి రెండు టేబుల్ స్పూన్లు. సబ్బు డబ్బాల మీద ఈ రెండింటి మాటే తిప్పి తిప్పి రాస్తుంటే ఒళ్లు మండుతుంది నాకు.

ఇక నూనెని నూనెగా వాడటం. ఇక్కడ మాత్రం హెంప్‌కి నా ఓటు పూర్తిగా ఉంది. గడ్డం గీసుకుని, చన్నీళ్లతో కడుక్కుని, తువ్వాలుతో అద్దీ అద్దనట్టు అద్ది, ముఖం ఇంకా చెమ్మగా ఉండగానే మూడు నాలుగు చుక్కలు అరచేతిలో వేసుకుని రెండు చేతులూ రుద్ది, దవడ నుంచి మెడ దాకా ఒత్తుకోవాలి, రుద్దకూడదు. కొబ్బరి నూనె రాస్తే నాకు ముఖం జిడ్డోడుతూ ఉండేది, మెడ మీద వెంట్రుక లోపలికి తిరిగిన చోట చిన్న కురుపులు లేచేవి. హెంప్ పల్చగా ఉంటుంది, రెండు నిమిషాల్లో ఇంకిపోతుంది. మొదటి వారంలోనే బిగుతు తగ్గింది, నెల తిరిగేసరికి దవడ కింద పొట్టు రాలడం ఆగింది, అది నాకు ఏళ్ల తరబడి ఉన్న బాధ. కురుపులు పూర్తిగా పోలేదు, తగ్గాయి, అందులో బ్లేడు తరచూ మార్చడం వల్ల వచ్చిన మార్పు కూడా కొంత ఉంది. ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆకుపచ్చ నూనె, బనీను మెడకీ దిండు గలేబుకీ మరక పడుతుంది. కొత్తగా వాడేవాళ్లు ముందు మోచేతి మడత దగ్గర కాస్త రాసి ఒకరోజు చూసుకుని ముఖానికి పోండి.

మిర్చి వాళ్లకి, కారం మిల్లుల్లో, కోల్డ్ స్టోరేజీల్లో పనిచేసేవాళ్లకి ప్రత్యేకంగా ఒక మాట, ఇది చాలా ముఖ్యం. పనికి వెళ్లే ముందు ముఖానికి ఏ నూనే రాయొద్దు, హెంప్ అయినా కొబ్బరి అయినా. మిర్చి ఘాటు క్యాప్సైసిన్ అనే పదార్థం, అది నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. నూనె ముఖం మీద కారం దుమ్ము వాలితే అక్కడే అంటుకుని, నూనెలోకి దిగి, చర్మమంతా పాకుతుంది. నేను గడ్డం గీసుకోవడమే రాత్రికి మార్చాను. యార్డు నుంచి రాగానే ముందు కాస్త నూనె ముఖానికి రాసి మెత్తని గుడ్డతో తుడిచేస్తాను, దీనికి ఖరీదైనది అక్కర్లేదు, వంటింట్లో పొద్దుతిరుగుడు నూనె చాలు. ఘాటు నూనెలోకి వచ్చేస్తుంది. తర్వాత సబ్బుతో కడుగుతాను. మా ముఠా హమాలీలు, తొడిమలు తీసే ఆడవాళ్లు చేతుల మంటకి చేసేది ఇదే పని, ముందు నూనె, తర్వాత సబ్బు. ఆ తర్వాత తీరిగ్గా గడ్డం గీసుకుని, హెంప్ చుక్కలు రాసుకుని పడుకుంటే పొద్దున్నకి గాట్లు మానిపోయి ఉంటాయి, యార్డులో మంట సగానికి సగం తగ్గింది. పనివాళ్లెవరికైనా చెప్పాలంటే ఇది చెబుతాను, సబ్బు గురించి కాదు.

సబ్బు విషయంలో మన ఊళ్లలో నిజంగా తేడా తెచ్చేది నీళ్లు. గుంటూరులో చాలా వీధుల్లో బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉంటాయి. అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టెలా కట్టి బేసిన్ అంచుకి తెల్లగా అంటుకుంటాయి, నురగ పొంగదు, పొంగినా నిలవదు. ఎంత ఖరీదైన సబ్బయినా బోరు నీళ్లతో కలిపితే ఏడుపే. కృష్ణ నీళ్లు వచ్చే కుళాయి ఉంటే బ్రష్ తడపడానికి ఒక చెంబుడు పట్టి పెట్టుకోండి, లేకపోతే తాగే నీళ్ల టిన్నులోంచి అర గ్లాసు చాలు. పటమటలో మా అన్నయ్య ఇంట్లో మున్సిపల్ నీళ్లతో గీసుకున్నప్పుడు అదే సబ్బు ఎంత పొంగిందో చూసి నాకు నోట మాట రాలేదు. హెంప్ వేసిన సబ్బుకీ వెయ్యని సబ్బుకీ మధ్య ఉన్న తేడా దీని ముందు ఎందుకూ చాలదు. దానికి తోడు గడ్డం వేడినీళ్లతో రెండు నిమిషాలు నానబెట్టడం, వెంట్రుక వాలు చూసి గీయడం. పటిక రాసే అలవాటున్నవాళ్లు నూనెకి ముందే రాసి, అది కడిగేసి, అప్పుడు నూనె రాసుకోండి. నూనె రాశాక పటిక రాస్తే పట్టదు.

హెంప్ నూనె ఖరీదు ఎక్కువే, అందరూ కొనాలని చెప్పను. ఎండాకాలంలో జిడ్డు ముఖం ఉన్నవాళ్లకి అసలు ఏ నూనే అక్కర్లేదు. పొడి చర్మం ఉండి ఖర్చు వద్దనుకునేవాళ్లు గానుగలో ఆడిన కుసుమ నూనె వాడి చూడండి, అందులోనూ లినోలిక్ ఆమ్లమే ఎక్కువ, హెంప్ కన్నా ఎక్కువే ఉంటుంది, చర్మం తేమ పట్టి ఉంచడంలో ఆ ఆమ్లానిదే పెద్ద పాత్ర. నేను హెంప్ దొరకని రోజుల్లో అదే వాడాను, నాకు హెంప్ అంత పల్చగా అనిపించలేదు గానీ, పని జరిగింది. షేవింగ్ సబ్బుకి మాత్రం పేరు చూడకండి, పట్టికలో మొదటి రెండు మూడు పేర్లలో స్టియరిక్ ఆమ్లం ఉందో లేదో చూసి కొనండి. నేను ఇప్పుడు వాడేది మా పిల్ల చేసిన మామూలు సబ్బే.

హెంప్ కొనేవాళ్లు చిన్న సీసా కొనండి, యాభై మిల్లీలీటర్లది చాలు, ముఖానికి వాడితే నెలలు వస్తుంది. ముదురు రంగు గాజు సీసా, గానుగ ఆడిన తేదీ, లైసెన్సు నంబరు, ఈ మూడూ చూసుకోండి. ఇంటికి తేగానే ఫ్రిజ్ తలుపులో పెట్టండి, బాత్రూం అరలో వద్దే వద్దు. తాజా నూనెకి పచ్చి గింజల వాసన, కాస్త గడ్డి వాసన ఉంటుంది. రంగు డబ్బా వాసనో చేప వాసనో వచ్చిందంటే ముఖానికి రాయకుండా పారేయండి, ముక్కిపోయిన నూనె రాస్తే తగ్గిన మంట మళ్లీ మొదలవుతుంది.